క్యాన్సర్ మీద జనం ఆసక్తి తెల్వాలంటే గూగుల్ ట్రెండ్సా, ఇంటింటి సర్వేనా: ఏది మేలు?

మా నల్గొండ దిక్కు క్యాన్సర్ స్క్రీనింగ్ క్యాంపు ఎప్పుడు పెట్టాలె, ఎక్కడ పెట్టాలె అన్న మాట వస్తే చాలు, ఒకలు జనం గూగుల్ల ఏం వెతుకుతున్నరో చూపెట్టే గూగుల్ ట్రెండ్స్ చూడు పైసా ఖర్చు లేదంటరు, ఇంకొకలు ఇంటింటికి తిరిగి సర్వే చేసే ఆశమ్మను, అంటే ఊరి ఆశా కార్యకర్తను, అడగకుండ ఏం తెలుస్తదంటరు. నేనైతే ఆశమ్మ దిక్కే, కానీ ట్రెండ్స్‌ను తీసిపారేసేటట్టు గూడ లేదు.

ట్రెండ్స్‌ల కనబడే నంబర్ ఎంతమంది వెతికిన్రు అన్న లెక్క కాదు, చానమంది ఈడనే బోల్తా పడ్తరు. మనం ఎంచుకున్న కాలంల మొత్తం సెర్చ్‌లల్ల మనం చూసే మాట వాటా ఎప్పుడు అన్నిటికన్నా ఎక్కువుందో దాన్ని 100 అనుకొని మిగతాది దానితోని పోల్చి చూపిస్తది. వెతికేటోళ్లు మరీ తక్కువుంటే సున్నా పడ్తది, అంటే ఎవ్వలూ వెతకలేదని కాదు. తెలంగాణ అని పెడితే వచ్చే గీతల హైదరాబాదోళ్ల సెర్చ్‌లే ఎక్కువుంటయి, చందంపేట తండాల ఏమనుకుంటున్నరో అందుల యాడ దొరుకుతది?

ఎందుకు వెతికిన్రో గూడ చెప్పదు. 2024 ఫిబ్రవరి 1న నిర్మలా సీతారామన్ బడ్జెట్‌ల 9 నుంచి 14 ఏండ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను ప్రోత్సహిస్తమని చెప్పింది, తెల్లారి నటి పూనమ్ పాండే అదే క్యాన్సర్‌తోని చనిపోయిందని ఆమె ఇన్‌స్టాలనే పోస్టు వచ్చింది, మర్నాడు బతికే ఉన్ననని ఆమెనే వచ్చి చెప్పింది, ఆ తెల్లారి ఫిబ్రవరి 4 ప్రపంచ క్యాన్సర్ దినం. సెర్చ్‌లు అమాంతం లేసినయి. అండ్ల టీకా కోసం వెతికినోళ్లెంతమంది, ఆమె సంగతి కోసం వెతికినోళ్లెంతమంది, విడదీయడం ఎవరి తరం? జనం వెతికేదాన్ని బట్టి ఫ్లూ జ్వరాలను అంచనా కట్టనీకి 2008ల వచ్చిన గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ గూడ 2012-13 సీజన్ల ఉన్నదానికన్నా చాన ఎక్కువ జ్వరాలు చూపెట్టి ఆఖరికి 2015ల మూతబడ్డది.

ఆశమ్మ అయితే 30 ఏండ్లు దాటినోళ్ల ఇంటికి పోయి ఫారం నింపుతది. తంబాకు, గుట్కా అలవాటుందా, నోట్ల పుండు మానుతలేదా, రొమ్ముల గడ్డ తగులుతుందా అని అడుగుతది, టేపు పెట్టి నడుం గూడ కొలుస్తది. కానీ అత్త పక్క మంచం మీదనే కూసుంటే కోడలు రక్తస్రావం గురించి నోరు తెరుస్తదా, "ఏం లేదక్కా, అంత మంచిగనే ఉంది" అంటది, అదే మనిషి రాత్రి ఫోన్ల మెల్లగ వెతుకుతది. ఈ ఒక్క కాడ మాత్రం సెర్చ్‌దే పైచేయి, ఫోన్ ముంగట సిగ్గెందుకు.

అయినా వెతుకుడు వేరు, పరీక్ష చేయించుకునుడు వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంల 30-49 ఏండ్ల ఆడోళ్లల్ల గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారన్న చేయించుకున్నోళ్లు 1.9 శాతమే, రొమ్ము పరీక్షయితే 0.9. ఇది అడిగితేనే బయటపడే లెక్క, పైగా ఫోన్ కొడుకు చేతుల ఉండే 50 ఏండ్ల అమ్మ సెర్చ్‌లకే రాదాయె.

అందుకే రెండిట్ల ఒక్కటే అంటే నా ఓటు సర్వేకే, ట్రెండ్స్‌ను ఏ వార్తకు జనం ఉలిక్కిపడ్డరో చూసుకోనీకి వాడుకుంటే సరిపోతది. అక్టోబర్ రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల, సెర్చ్‌లు అప్పుడే పెరుగుతయి కదా అని దేవరకొండల అక్టోబర్ చివర్ల క్యాంపు పెడితే ఎవరొస్తరు, ఆడోళ్లంత పత్తి ఏరనీకి పోతరు. పోనీ సంక్రాంతి దాటినంక పెడదామంటే మిర్యాలగూడ దిక్కు యాసంగి నాట్లుంటయి. ఏ ఊర్ల ఏ వారం ఖాళీనో ఆశమ్మనే అడగాలె.