తక్కువ వోల్టేజీలో టీపీ4056 చార్జింగ్ చిప్: మూడేళ్లు చేలో వాడాక

గుంటూరు అవతల మా మిర్చి చేలో, కాపలాకి వెళ్లే నాన్న రేడియో కోసం ఆరు వోల్టుల సోలార్ ప్యానెల్, ఒక 18650 సెల్ (మళ్లీ మళ్లీ చార్జ్ చేసుకునే లిథియం బ్యాటరీ), మధ్యలో దాన్ని చార్జ్ చేసే టీపీ4056 బోర్డు పెట్టి మూడేళ్లయింది. ఇప్పుడు బంగారంలా పనిచేస్తోంది.

మొదటి ఏడాది మాత్రం ఏడిపించింది. పొద్దున్నే ఎర్ర లైటు టకటకా కొట్టుకునేది, గంటలకొద్దీ అదే వరస, సాయంత్రానికి సెల్ సగం కూడా ఎక్కేది కాదు, వార్తలు మధ్యలో ఆగిపోయాయని నాన్న ఫోన్ చేసేవారు. బోర్డు పోయిందేమోనని ఇంకోటి తెచ్చి వేశాను. అదీ అంతే.

తప్పు చిప్‌ది కాదు. బోర్డు మన చేతికి వచ్చేటప్పటికే ఒక ఆంపియర్ లాగేలా సెట్ అయి ఉంటుంది, మా ప్యానెల్ మిట్టమధ్యాహ్నం కూడా 300 మిల్లీ ఆంపియర్లు దాటదు. పొద్దుటి ఎండలో అయితే అందులో సగం కూడా రాదు. అడిగినంత ఇవ్వలేక ప్యానెల్ వోల్టేజీ సెల్ దగ్గరకు పడిపోతుంది. రాత్రంతా వాడిన సెల్ 3.3 వోల్టుల మీద ఉంటే చిప్ ఇన్‌పుట్ 3.5 వోల్టుల కిందకు జారి చిప్ ఆగిపోతుంది, లోడు పోగానే ప్యానెల్ మళ్లీ లేస్తుంది, దాదాపు 3.7 దాటగానే చిప్ మళ్లీ మొదలెడుతుంది. ఎర్ర లైటు కొట్టుకోవడం ఇందుకే.

బోర్డు మీద 122 అని రాసిన రెసిస్టర్ ఉంటుంది, నువ్వుగింజంత కూడా ఉండదు, 1.2 కిలో ఓమ్స్. దాన్ని తీసి 472 అని ఉన్నది, అంటే 4.7 కిలో ఓమ్స్‌ది వేశాను. 1200ని ఆ కిలో ఓమ్స్‌తో భాగిస్తే మిల్లీ ఆంపియర్లు వస్తాయి, కాబట్టి ఇప్పుడు 255. ఎండ కాస్త ముదరగానే లైటు నిలకడగా వెలుగుతోంది. ఇంకో లాభం, చిప్ లోపలి ట్రాన్సిస్టర్ నిరోధం దాదాపు 0.65 ఓమ్ కదా, ఒక ఆంపియర్‌తో సెల్‌ని నిండుగా, అంటే 4.2 వోల్టుల దాకా ఎక్కించాలంటే ఇన్‌పుట్ 4.85 వోల్టులు కావాలి, 255తో 4.4 చాలు. సన్న వైరుతో అడాప్టర్ నుంచి చార్జ్ చేసేవాళ్లకీ ఇదే లెక్క. మీటరు మాత్రం అడాప్టర్ దగ్గర కాదు, చార్జ్ అవుతుండగా బోర్డు ఇన్‌పుట్ కాళ్ల మీదే పెట్టి చూడండి.

రాత్రి సెల్ నుంచి ప్యానెల్‌కి కరెంటు వెనక్కి పోతుందని భయపడి నేను ముందే, కరెంటుని ఒకవైపే పోనిచ్చే 4007 డయోడ్ కూడా వేసి ఉంచాను. ఆ అడ్డు చిప్‌లోనే ఉంది, డయోడ్ దండగగా 0.7 వోల్టు తినేసింది. పీకేశాను.

వేడి కూడా బాగా తగ్గింది. అడాప్టర్‌తో ఒక ఆంపియర్ లాగేటప్పుడు చిప్ వేలు పెట్టలేనంత కాలేది, ఇప్పుడు మా గుంటూరు ఎండల్లో కూడా గోరువెచ్చగానే ఉంటోంది.

ఒక్కటే ఇబ్బంది. పగలు నాన్న రేడియో పెట్టుకుంటే సెల్ నిండిందని చెప్పే నీలం లైటు రాదు, ఎందుకంటే కరెంటు పదో వంతుకు, అంటే 25కి పడితే తప్ప చిప్ చార్జింగ్ ఆపదు, రేడియో అంతకంటే ఎక్కువే తాగుతుంది. సెల్‌ని పూటంతా 4.2 మీద అలా పట్టి ఉంచడం నాకు ఇష్టం లేదు, అందుకే రెండో సెల్ ఒకటి, అటూ ఇటూ మార్చే స్విచ్ ఒకటి తెచ్చి ఉంచాను, ఈ ఆదివారం చేనికి వెళ్లినప్పుడు బిగిస్తాను.