టెస్ట్ నొక్కితే వెలుగుతుంది, షట్టర్ నొక్కితే వెలగదు: గోడాక్స్ ఎక్స్2టి-సి ట్రిగ్గర్ సమీక్ష

పెళ్లిళ్లకూ బారసాలలకూ ఫొటోలు తీసే నేను కానన్ 1500డి కెమెరా, రెండు గోడాక్స్ టిటి600 ఫ్లాష్‌లతో కలిపి ఈ ట్రిగ్గర్‌ను, అంటే షట్టర్ నొక్కగానే దూరంగా ఉన్న ఫ్లాష్‌కు రేడియో సంకేతం పంపి వెలిగించే పరికరాన్ని, ఏడాదిగా వాడుతున్నాను. దీనికి ముందు కోఠిలో కొన్న చవక ట్రిగ్గర్, రిసీవర్ల జత ఒకటి ఉండేది. "ఏ కెమెరాకైనా పనిచేస్తుంది సార్" అని చెప్పి అమ్మిన ఆ జత, వధూవరులు వేదిక ఎక్కిన వేళ, టెస్ట్ బటన్ నొక్కిన ప్రతిసారీ ఫ్లాష్‌ను వెలిగించింది గానీ షట్టర్ నొక్కితే ఒక్కసారి కూడా వెలిగించలేదు. సెల్లులు మార్చాను, ఛానల్ మార్చాను, ఫలితం లేకపోయింది.

కారణం ఆ లక్షణంలోనే ఉంది. టెస్ట్ బటన్‌కు ఫ్లాష్ వెలిగిందంటే రేడియో సంకేతం సక్రమంగా చేరుతున్నట్లే, కాబట్టి లోపాన్ని వెతకవలసింది కెమెరాకూ ట్రిగ్గర్‌కూ మధ్యనే. 1500డి హాట్ షూను, అంటే కెమెరా పైన ట్రిగ్గర్‌ను బిగించే గాడిని, వెలుతురులో పెట్టి చూస్తే చుక్కల్లాంటి చిన్న పిన్‌లు మాత్రమే కనిపిస్తాయి, నడిమధ్య పెద్ద పిన్ ఉండవలసిన చోటు నున్నగా ఉంటుంది. 3000డి, 200డి మార్క్-2 నమూనాలూ ఇంతే. నడిమి పిన్ మీదే ఆధారపడే సాధారణ ట్రిగ్గర్లు వీటి మీద పనిచేయవు. ఎక్స్2టి-సి చిన్న పిన్‌ల ద్వారా కెమెరాతో మాట్లాడుతుంది కనుక, నా కెమెరా మీద మొదటి క్లిక్‌కే రెండు ఫ్లాష్‌లూ వెలిగాయి. పేరు చివర ఉన్న "సి" కానన్‌కు గుర్తు. సోనీ, నికాన్ వారికి వేరే రూపాలున్నాయి, అక్షరం చూడకుండా కొనకూడదు.

టెస్ట్ బటన్‌కు కూడా వెలగకపోతే లోపం రేడియో వైపు ఉందని అర్థం. ఎక్స్2టి-సిలో 32 ఛానళ్లు, ఒకే ఛానల్‌లో ఉన్నా ఒకరి పరికరాలను మరొకరి వాటి నుంచి వేరుచేసే ఐడీ సంఖ్యలు 01 నుంచి 99 వరకు ఉన్నాయి. ఐడీ ఒకవైపు ఆన్‌లోనూ రెండోవైపు ఆఫ్‌లోనూ ఉంటే ఛానల్ కలిసినా ఫ్లాష్ స్పందించదు. మన ఊరి ఫంక్షన్ హాళ్లలో పక్కపక్కనే రెండు మూడు బృందాలు పనిచేస్తుంటాయి, అందరూ ఒకటో ఛానల్‌లోనే ఉంటే ఒకరి క్లిక్‌కు మరొకరి ఫ్లాష్ వెలుగుతుంది, అందుకే ఐడీ వాడటం తప్పనిసరి అని నా అభిప్రాయం. ఫ్లాష్ చేతికందేంత దగ్గరలో ఉన్నప్పుడు మాత్రమే తడబడుతుంటే, మెనూలో దూరాన్ని 1-100 మీటర్ల నుంచి 0-30 మీటర్లకు మార్చాలి.

వేరే కంపెనీ ఫ్లాష్‌ను దీనితో నేరుగా కలపలేం. రెండూ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేసినా, ఒకే వీధిలో ఉంటూ ఒకరి భాష ఒకరికి రాని ఇరుగుపొరుగు వంటివి అవి. నా దగ్గరున్న పాత ఫ్లాష్‌ను జుట్టు మీద వెలుగు కోసం ఆప్టికల్ స్లేవ్‌గా, అంటే మరో ఫ్లాష్ వెలుగును చూసి తానూ వెలిగేలా పెడతాను. ప్రధాన ఫ్లాష్ మాన్యువల్‌లో, అంటే వెలుగును మనమే అమర్చే పద్ధతిలో, ఉంటే ఆ పాత ఫ్లాష్‌కు ఎస్1 అనే స్లేవ్ మోడ్ చాలు. ప్రధాన ఫ్లాష్ టిటిఎల్‌లో, అంటే వెలుగును కెమెరాయే కొలిచి సర్దే పద్ధతిలో, ఉంటే ముందుగా వచ్చే కొలత మెరుపుకే స్లేవ్ తొందరపడి వెలిగిపోతుంది కనుక ఎస్2 ఎంచుకోవాలి.

ఫొటోలో ఒక అంచున నల్లని పట్టీ వస్తే అది ట్రిగ్గర్ తప్పు కాదు. 1500డి సింక్ వేగం, అంటే ఫ్లాష్‌తో మామూలుగా వాడగలిగే అత్యధిక షట్టర్ వేగం, సెకనులో 200వ వంతు, అంతకు మించి వెళ్లాలంటే హైస్పీడ్ సింక్ ఆన్ చేయాలి.

కొనేవారు తమ కెమెరానూ ఫ్లాష్‌నూ వెంట తీసుకెళ్లి, ట్రిగ్గర్‌ను హాట్ షూలో చివరిదాకా తోసి లాక్ చేసి, దుకాణంలోనే షట్టర్ నొక్కి చూడాలి. దుకాణదారు టెస్ట్ బటన్ నొక్కి చూపించినంత మాత్రాన డబ్బు చెల్లించవద్దు.