బంతాటా, వడినడకా, వాసనల నడకా: కుక్కకి ఏది మేలు?

"మీ కుక్కని రోజూ ఎంతసేపు తిప్పుతారు?" అని అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు. మొన్నమొన్నటిదాకా ఠక్కున నిమిషాలు చెప్పేసేదాన్ని. ఇప్పుడు మాత్రం తిరిగి నేనే అడుగుతున్నాను: మీరు ఎలా తిప్పుతున్నారు?

మాది నాలుగేళ్ళ లాబ్రడార్. రెండేళ్ళపాటు దానికి వ్యాయామం అంటే బంతే. విసరడం, తేవడం, మళ్ళీ విసరడం. అరగంటకి నాలుక వేలాడేసి రొప్పేది. అలిసిపోయింది, ఇక పడుకుంటుందనుకునేదాన్ని. రాత్రి పదకొండింటికి చూస్తే బంతి దాచిన అలమారా ముందు బొమ్మలా నిలబడి ఉండేది. చాల్లేదేమోనని మర్నాడు ఇంకో పది విసుర్లు ఎక్కువ వేసేదాన్ని. దాంతో దానికి దమ్ము పెరిగింది గానీ నిమ్మళం రాలేదు.

తర్వాత ఒకరోజు వెనక కాలు కుంటుతూ వచ్చింది. డాక్టరు కాలు పట్టుకోకముందే అడిగిన మాట, "బంతి ఆడిస్తారా?" పరుగెత్తి పరుగెత్తి ఒక్కసారి ఆగడం, గాల్లోకి ఎగిరి ఒంటికాలి మీద మెలితిరిగి దిగడం, అదే పని అరగంట. మోకాలి కీలు మీద పడే భారం అంతా ఇంతా కాదు. మూడు వారాలు పరుగులు బంద్, నెమ్మదిగా నడిపించడమే.

ఇక తొందర లేదు కదా, ఎటు పోతే అటు వెళ్ళనిచ్చాను. మూడో రోజు ఒక గోడ మూల దగ్గర ఆగింది. మూతి మూసుకుని, ముక్కు చివర అదురుతుంటే, సుక్ సుక్ సుక్‌మని గబగబా పీల్చింది. ఎండుటాకుని ముక్కుతో పక్కకి నెట్టి దాని అడుగున చూసింది. రెండడుగులు వెళ్ళి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కొచ్చి మళ్ళీ చూసింది. చివరికి ఒక్క చీదు చీది, ఒళ్ళు దులుపుకుని కదిలింది. నాలుగు నిమిషాలు! చూసేవాళ్ళకి నేనేదో ఆ గోడకి కాపలా ఉన్నట్టుంది. ఇంటికొచ్చి నీళ్ళు తాగి పడుకుంది. ఆ రాత్రి అలమారా దానికి గుర్తే రాలేదు.

నా లెక్కలో తేల్చే విషయం ఇదే: ఇంటికొచ్చాక కుక్క నెమ్మదిస్తోందా, లేదా? కాళ్ళని అలవగొట్టడం వేరు, తలకి పని పెట్టడం వేరు. వాసన పట్టే గ్రాహకాలు మనకి 50, 60 లక్షలుంటే కుక్కకి 20 కోట్ల పైమాటే. పీల్చిన గాలిని ముక్కు పక్కనున్న చీలికల్లోంచి బయటికి పంపిస్తుంది కాబట్టి లోపలికొచ్చే వాసనకి పెద్దగా అడ్డం రాదు. 2019లో అచ్చయిన ఒక పరిశోధనలో పెంపుడు కుక్కల్లో కొన్నింటికి రెండు వారాలు వాసనతో వెతికే పని, కొన్నింటికి యజమాని పక్కనే నడిచే పని ఇచ్చారు. తిండి ఉందో లేదో తెలియని చోట గిన్నె పెడితే, వెతికే పని చేసినవి మునుపటికంటే త్వరగా దాని దగ్గరికి వెళ్ళాయి, అంటే తిండి ఉంటుందన్న ఆశ వాటికి పెరిగిందన్నమాట. రెండో గుంపులో ఆ మార్పు రాలేదు. మొత్తం 20 కుక్కలే, చిన్న పరిశోధనే. మా ఇంట్లో చూసింది మాత్రం దానికి సరిపోయింది.

అలాగని వడినడకని కొట్టిపారెయ్యను. ఒళ్ళు చేసిన కుక్కకి అది కావాలి, మన పక్కన లాగకుండా నడవడమూ రావాలి. కానీ "రా, రా" అని పట్టీ లాగుతూ పోయే నడక సగం మన కోసమే. మరి ఏది ఎప్పుడని కుక్కకెలా తెలుస్తుంది? నేను పొట్టి పట్టీ కాలర్‌కి తగిలిస్తే నడక, ఐదు మీటర్ల పట్టీ ఛాతీ చుట్టూ తొడిగే హార్నెస్‌కి తగిలిస్తే దాని ఇష్టం. వారంలో పట్టేసింది. చూపులేనివాళ్ళకి దారి చూపే కుక్కలకీ తొడుగే గుర్తు, కాకపోతే తిరగేసి: హార్నెస్ ఉన్నంతసేపూ డ్యూటీ, ముక్కు కిందికి వంచకూడదు. అది తీశాక వాటికీ వాసనల తిరుగుడు అవసరం.

ఎండలోనూ తేడా తెలుస్తుంది. కుక్క వేడిని దించుకునేది ముఖ్యంగా రొప్పడం వల్లే. రొప్పే కుక్క సరిగా వాసన పట్టలేదు, కాబట్టి వాసనల నడకలో అది వాసన చూడడం మాని రొప్పుతుంటే కాగిపోతోందని మనకి తెలిసిపోతుంది. బంతి పిచ్చి ఉన్న కుక్క మాత్రం తనంతట తాను ఆగదు. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి మూతి కుక్కలతో ఇది ప్రాణం మీదికొస్తుంది. ఏ నడకైనా ముందు అరచేతి వెనక భాగాన్ని రోడ్డుకి ఆనించి చూడండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ తట్టుకోలేవు.

ఈత కీళ్ళనొప్పుల ముసలి కుక్కలకి మంచిది, వీలుంటే. ట్రెడ్‌మిల్ వానరోజుకి పనికొస్తుంది, కట్టేసి మాత్రం నడిపించకండి. లేజర్ లైటు వద్దు. చిక్కేదేమీ లేని వేట అది, కొన్ని తర్వాత నీడల వెంట కూడా పడతాయి.

మా బంతి ఇంకా అలమారాలోనే ఉంది. వారానికి రెండుసార్లు తీస్తాను. గడ్డి మీద, నేలబారుగా ఐదారు విసుర్లు. ఆఖరిసారి విసరను. కుక్కని వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, బంతిని గడ్డిలో దాచి "వెతుకు" అంటాను.