5.2 మీటర్ల టెలిస్కోపిక్ విప్ యాంటెన్నా: మూడు బ్యాండ్లలో దీర్ఘకాలం వాడిన తర్వాత

హ్యామ్ రేడియోకు (అభిరుచిగా చేసే రేడియో ప్రసారాలకు) నేను ఏళ్ల తరబడి వాడుతున్న ఈ స్టెయిన్‌లెస్ స్టీల్ విప్ (సన్నని కడ్డీ యాంటెన్నా) పూర్తిగా లాగితే సుమారు 5.2 మీటర్లు ఉంటుంది. అడుగున బిగించే లోడింగ్ కాయిల్ (పొట్టి కడ్డీని తక్కువ ఫ్రీక్వెన్సీలకు కుదిర్చే తీగచుట్ట) సాయంతో 14, 7, 3.5 మెగాహెర్ట్‌జ్ బ్యాండ్లు మూడింటిలోనూ పనిచేస్తుందని తయారీదారు చెబుతారు. మూడింటిలోనూ ట్యూన్ అవుతుందన్నది నిజమే కాని, ట్యూన్ అయినంత మాత్రాన శక్తి గాలిలోకి వెళ్తుందని అనుకోకూడదు.

14.2 మెగాహెర్ట్‌జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 21 మీటర్లు కనుక, ఈ కడ్డీ పావు తరంగమంత పొడవుంటుంది. అక్కడ వికిరణ నిరోధం (తరంగాలుగా బయటికి వెళ్లే శక్తిని సూచించే నిరోధం) దాదాపు 36 ఓమ్‌లు. నేలలో 10 ఓమ్‌ల నష్టం ఉందనుకున్నా నాలుగింట మూడు వంతులకు పైగా శక్తి తరంగాలుగా వెళ్తుంది. ఈ బ్యాండ్‌లో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

పొట్టి కడ్డీల్లో వికిరణ నిరోధం పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది. అందుకే తరంగదైర్ఘ్యంలో ఎనిమిదో వంతుగా మిగిలే 7 మెగాహెర్ట్‌జ్‌లో అది సుమారు 6 ఓమ్‌లకు, పదహారో వంతుగా మిగిలే 3.6 మెగాహెర్ట్‌జ్‌లో 1.5 ఓమ్‌లకు పడిపోతుంది. ఈ చివరి బ్యాండ్‌లో కాయిల్ నష్టం ఒక్కటే 5 ఓమ్‌ల వరకు ఉంటుంది కనుక, అదే నేల మీద 100 వాట్లు ఇస్తే 9 వాట్లకు మించి వికిరణం కాదు, 30 వాట్ల దాకా కాయిల్‌లోనే వేడిగా మారిపోతాయి. కాసేపు ఆపకుండా ప్రసారం చేసి కాయిల్‌ను ముట్టుకుంటే ఆ వాట్లు ఎటు పోయాయో చేతికే తెలుస్తుంది.

కొత్తగా కొనేవారు ముఖ్యంగా గమనించవలసింది ఎస్‌డబ్ల్యూఆర్ మీటరును. కేబుల్‌కూ యాంటెన్నాకూ ఎంత పొంతన కుదిరిందో అది చూపుతుంది, 1 అంటే పూర్తి పొంతన. 7 మెగాహెర్ట్‌జ్‌లో ఒక్క ఎర్త్ కడ్డీతో వాడినప్పుడు మీటరు దాదాపు 1 చూపింది. నేల మీద రేడియల్ తీగలు (యాంటెన్నా అడుగు నుంచి చుట్టూ పరిచే తీగలు) ఒక్కొక్కటే పరుస్తూ పోతే ఆ అంకె పెరిగి 2 దాటింది, అయినా అవతలి స్టేషన్ల నుంచి వచ్చే సిగ్నల్ రిపోర్టులు మాత్రం స్పష్టంగా మెరుగయ్యాయి. మొదట కేబుల్‌కు సరిపోయే 50 ఓమ్‌లకు దగ్గరగా కనిపించిన నిరోధంలో ఎక్కువ భాగం మట్టిదే. రేడియల్స్ పరిచాక తగ్గింది ఆ నష్టమే కనుక, మిగిలిన తేడాను మ్యాచింగ్‌తో (నిరోధాన్ని కేబుల్‌కు సరిపెట్టే అమరికతో) సరిచేసుకోవడం మంచిది. ఈ యాంటెన్నాకు పెట్టే ఖర్చులో కొంత రాగితీగకు కేటాయించమని గట్టిగా చెబుతాను.

కడ్డీ అతుకుల్లో మురికి చేరితే ఓమ్‌లో కొన్ని పదో వంతుల నిరోధం ఏర్పడుతుంది. 36 ఓమ్‌ల దగ్గర అది లెక్కలోకి రాదు, 1.5 ఓమ్‌ల దగ్గర మాత్రం భారమే. కరెంటు అడుగు భాగంలోనే ఎక్కువ కాబట్టి కింది అతుకులను తరచూ శుభ్రం చేస్తాను, పైవాటిని అంతగా పట్టించుకోను.

వినడానికైతే 3.5 బ్యాండ్‌లో కూడా ఇది చక్కగా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ వాతావరణ రొదే ఎక్కువ. యాంటెన్నా పొట్టిదైతే సిగ్నల్‌తోపాటు ఆ రొద కూడా తగ్గుతుంది. ప్రసారానికి మాత్రం ఆ బ్యాండ్‌లో 20 మీటర్ల తీగను కొంత నిలువుగా, మిగతాది అడ్డంగా కట్టి వాడుతున్నాను.