ముద్ద దిగని జబ్బుకు చెన్నైలో ఆపరేషన్: ఒక ఆసుపత్రి సేవలపై సమీక్ష

నెల్లూరులో రెండేళ్ల పాటు గ్యాస్ మాత్రలతో నెట్టుకొచ్చిన మా అమ్మకు చివరకు అకలేసియా కార్డియా అని తేలడంతో, గత ఆగస్టులో చెన్నైలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాము. మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నందున ఆసుపత్రి పేరు రాయడం లేదు.

ఈ జబ్బులో అన్నవాహిక అడుగున ఉండే కండర వలయం గుటక వేసినప్పుడు వదులు కాదు. పైనున్న గొట్టానికేమో ముద్దను కిందికి నెట్టే అలల కదలిక పోతుంది. అమ్మ నాలుగు ముద్దలకొకసారి లేచి నిలబడి, గ్లాసెడు నీళ్లు తాగి అన్నం దింపుకునేది. మజ్జిగ కూడా తేలిగ్గా దిగేది కాదు. రాత్రి పడుకుంటే తిన్నది నోట్లోకి తిరిగొచ్చి పొలమారేది, కానీ అందులో పులుపు ఉండేది కాదు. అది కడుపు దాకా చేరని అన్నమని మాకు మొదట చెప్పింది ఈ ఆసుపత్రి వైద్యులే. అప్పటికి అమ్మ పదకొండు కిలోలు తగ్గిపోయింది.

పరీక్షల విషయంలో ఈ ఆసుపత్రికి పూర్తి మార్కులు వేస్తాను. క్యాన్సర్ వల్ల దారి మూసుకుపోలేదని ఎండోస్కోపీతో నిర్ధారించుకుని, బేరియం ఎక్స్‌రేలో అన్నవాహిక చివర పక్షి ముక్కులా సన్నబడటం చూపించి, అంతటితో ఆగకుండా అన్నవాహికలోని ఒత్తిడిని కొలిచే మానోమెట్రీ కూడా చేశారు. ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి, పడుకోబెట్టి, ఒక్కో గుటకకు ఐదు మిల్లీలీటర్ల నీళ్ల చొప్పున పదిసార్లు మింగించారు. అమ్మ మొత్తం చికిత్సలో తిట్టుకున్నది ఈ పరీక్షనే. అయితే జబ్బులోని మూడు రకాల్లో ఏది ఉందో తెలిసేది దీనితోనే. అమ్మది రెండో రకం.

ఆ తర్వాత సర్జన్ గారు కాగితం మీద బొమ్మ గీసి, అరగంట కూర్చుని మాట్లాడారు. 1913లో జర్మన్ వైద్యుడు హెల్లర్ మొదలుపెట్టిన ఆ కండర వలయాన్ని కోసే పద్ధతిని ఇప్పుడు లాపరోస్కోపీతో, అంటే పొట్ట మీద చిన్న రంధ్రాల ద్వారా చేస్తున్నారని, 2008లో జపాన్‌లో ఇనౌయే అనే వైద్యుడు మనుషులకు మొదలుపెట్టిన పోయెమ్‌లో ఎండోస్కోపీతో నోటి ద్వారానే ఆ పని జరుగుతుందని, మూడో రకానికైతే పొడవుగా కోయగల పోయెమ్ మేలని, రెండో రకానికి రెండూ పనిచేస్తాయి గానీ పోయెమ్ తర్వాత పులుపు పైకి ఎగదన్నడం ఎక్కువని వివరించారు. ఆ ఆసుపత్రిలో రెండూ చేస్తారు కాబట్టి ఒకదాన్ని అంటగట్టవలసిన అవసరం ఆయనకు లేకపోయింది. మేము హెల్లర్ పద్ధతినే ఎంచుకున్నాము. ఆపరేషన్ అయినా అన్నవాహికకు కదలిక తిరిగి రాదని, దారి తెరిచిపెట్టడం వరకే తమ పనని, ముద్ద తన బరువుతోనే దిగాలని ముందే చెప్పడం నాకు బాగా నచ్చింది.

అన్నవాహిక ఖాళీగా ఉండాలని ముందు రెండు రోజులు ద్రవాలే ఇచ్చారు. పొట్ట మీద ఐదు చిన్న రంధ్రాలు పెట్టి, లోపలి పొర తెగకుండా కండరాన్ని అన్నవాహిక మీద ఆరు సెంటీమీటర్లు, జీర్ణాశయం మీద రెండు సెంటీమీటర్ల మేర కోసి, పులుపు ఎగదన్నకుండా జీర్ణాశయపు పై భాగాన్ని ముందువైపు కప్పి కుట్టారు. మర్నాడు రంగు ద్రవం తాగించి, ఎక్కడా కారడం లేదని ఎక్స్‌రేలో చూశాకే నీళ్లు ఇచ్చారు. మూడో రోజు ఇంటికి పంపారు.

లోపాలన్నీ వైద్యం బయటే ఉన్నాయి. మొదట ఇచ్చిన ఖర్చు అంచనాలో మానోమెట్రీ, రంగు ఎక్స్‌రే లేవు. ఆ సంగతి బిల్లు చేతికొచ్చాకే తెలిసింది. డిశ్చార్జి రోజు బీమా కాగితాల కోసం ఆరు గంటలు కూర్చోబెట్టారు. అన్నిటికన్నా బాధించింది ఆహార నియమాల పత్రం. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి ఇంతమంది రోగులు వచ్చే చోట అది తమిళంలో, ఇంగ్లీషులో మాత్రమే ఉంది. చిత్తూరు వైపు నర్సు ఒకామె దయతలచి దాని వెనుక తెలుగులో రాసిచ్చింది: మొదట రాగి జావ, తర్వాత సాంబారులో నానిన ఇడ్లీ, మెత్తగా పిసికిన పెరుగన్నం; చపాతీ, దోసె నెల దాటాకే; రాత్రి తిన్న మూడు గంటలకు గానీ పడుకోకూడదు. ఆ కాగితం ఇప్పటికీ మా వంటింటి గోడకే ఉంది.

మూడు నెలల తర్వాత మళ్లీ చూపించినప్పుడు మింగుడు, తిరిగి రావడం, ఛాతీ నొప్పి, బరువు తగ్గడం అనే నాలుగింటికి మూడేసి మార్కుల లెక్కన ప్రశ్నలు అడిగారు; మార్కులు ఎక్కువైతే బాధ ఎక్కువన్నమాట. ఆపరేషన్‌కు ముందు పన్నెండుకు తొమ్మిది వచ్చిన చోట ఈసారి ఒకటి వచ్చింది. ఆ ఒకటి అప్పుడప్పుడు వచ్చే ఛాతీ నొప్పికి.