వీల్‌చెయిర్ బొమ్మ చూసి టికెట్ కొన్నాను, మీరు మాత్రం అడిగి కొనండి

ఆరుబయట జరిగే మ్యూజిక్ ఫెస్టివల్‌కి వీల్‌చెయిర్ టికెట్ కొనబోతున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నిర్వాహకుల పేరు రాయడం లేదు. వాళ్లతో రీఫండ్ గొడవ ఇంకా తెగలేదు. పైగా పేరు చెబితే, మీరు ఆ ఒక్క ఫెస్టివల్ మానేసి ఇలాంటిదే ఇంకోదానికి వెళ్తారు.

నా గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నాకు వెన్నుపాము ఛాతీ పైభాగంలో దెబ్బతింది, డాక్టర్ల భాషలో టీ4. చేత్తో తోసుకునే కుర్చీ. దెబ్బ తగిలిన చోటు నుంచి కిందికి ఒంటికి చెమట సరిగా పట్టదు కాబట్టి ఎండలో ఒళ్లు చల్లబడదు. నీళ్లు నింపిన స్ప్రే సీసా ఎప్పుడూ ఒళ్లోనే ఉంటుంది.

టికెట్ పేజీలో "దివ్యాంగులకు పూర్తి అనుకూలం" అని ఉంది. పక్కన అందరికీ తెలిసిన ఆ నీలం బొమ్మ. కింద నాలుగు హామీలు: ర్యాంప్ ఉన్న ప్రత్యేక ప్లాట్‌ఫామ్, యాక్సెసిబుల్ టాయిలెట్లు, తోడు వచ్చేవాళ్లకి ఉచిత టికెట్, ఛార్జింగ్ సదుపాయం. వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. నాకు ఒళ్లు మండేది అక్కడే. అన్నీ పెట్టారు, ఒక్కటీ వాడుకునేలా లేదు.

గేటు దగ్గరే మొదలైంది. బ్యాగు తనిఖీ చేసే కుర్రాడు కాథెటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) ప్యాకెట్ బయటికి తీసి, పైకెత్తి, "ఇదేంటి సార్?" అన్నాడు. వెనక క్యూలో నలభై మంది. నేను మెల్లగా చెబుతుంటే వినపడక మళ్లీ గట్టిగా అడిగాడు. తప్పు వాడిది కాదు, వాడికెవరూ చెప్పలేదంతే. కానీ బయటి నీళ్లు లోపలికి తేకూడదని నా స్ప్రే సీసా చెత్తడబ్బాలో వేశాడు. ఇది తాగే నీళ్లు కాదు, మందు లాంటిది అని మా తమ్ముడు ఎంత చెప్పినా గోడకి చెప్పుకున్నట్టే అయింది. ఫోన్లో తీసుకెళ్లిన డాక్టర్ ఉత్తరాన్ని వాడు చదవలేదు. మీరు మాత్రం కాగితం మీదే తీసుకెళ్లండి. ఎందుకో తెలీదు గానీ, సెక్యూరిటీ వాళ్లు కాగితాన్ని నమ్మినట్టు ఫోన్‌ని నమ్మరు.

ముందురోజు వాన పడింది. గేటు నుంచి ప్లాట్‌ఫామ్ దాకా దారి ఉంటుందని రాశారు, ఉంది కూడా. బురద మీద ఎండుగడ్డి పరిచారు. నడిచేవాళ్ల కాళ్లకి గడ్డి మేలే చేస్తుంది, చక్రాలకి మాత్రం శత్రువు. తడిసిన గడ్డి ఇరుసుకి చుట్టుకుంటుంది, ముందున్న చిన్న చక్రాలు కిందికి దిగబడిపోతాయి. పది మీటర్లు వెళ్లేసరికి కుర్చీ ముందుకి వాలింది. "అన్నయ్యా, వెనక్కి తిప్పేస్తా, గట్టిగా పట్టుకో" అని తమ్ముడు నన్ను తిప్పి, పెద్ద చక్రాలు ముందుండేలా వెనక్కి లాక్కుంటూ తీసుకెళ్లాడు. ఫెస్టివల్లో సగం దూరం నేను వేదికకి వీపు పెట్టి ప్రయాణం చేశాను. మెత్తటి నేల మీద ప్లాస్టిక్ పలకలో అల్యూమినియం పలకలో వరసగా బిగిస్తేనే చక్రం నడుస్తుంది. లారీల కోసం వాళ్లు స్టేజీ వెనక అవే పలకలు వేసుకున్నారు. దూరం నుంచి చూస్తూ కూర్చున్నాను.

ఇక ప్లాట్‌ఫామ్. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

నేల నుంచి ఎత్తు 90 సెంటీమీటర్లు. ర్యాంప్‌కి వాలు 1:12 మించకూడదన్నది చాలా దేశాల ప్రమాణాల్లో కనిపించే లెక్క. అంటే ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. ఆ లెక్కన ఈ ప్లాట్‌ఫామ్‌కి దాదాపు 11 మీటర్ల ర్యాంప్ కావాలి. అక్కడున్నది నాలుగు మీటర్లు కూడా లేదు. ముగ్గురు కలిసి తోస్తే ఎక్కాను. ఎక్కుతున్నప్పుడు ముందు చక్రాలు గాల్లోకి లేచాయి, వెనక తమ్ముడు లేకపోతే వెల్లకిలా పడేవాణ్ణి. నా వెనక ఒకావిడ బ్యాటరీ కుర్చీలో వచ్చారు. మనిషీ కుర్చీ కలిపితే ఎంత బరువో చూసి, "మేడమ్, మీరు కిందే ఉండండి" అన్నారు అక్కడి సిబ్బంది. ఆవిడ కొన్నది నేను కొన్న టికెట్టే.

పైకెక్కాక ముందువరస నాకే దొరికింది. పొంగిపోయాను. పొద్దుగూకి లైట్లు పడ్డాక తెలిసింది సంగతి. ప్లాట్‌ఫామ్ చుట్టూ పడిపోకుండా రెయిలింగ్ ఉంది, ఉండాల్సిందే. దాని పైన అడ్డంగా పైపు, 110 సెంటీమీటర్ల ఎత్తులో. ఇంటికొచ్చి టేపుతో కొలిపించుకున్నాను: కుర్చీలో కూర్చుంటే నా కళ్లు నేలకి 110 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. అయిదు సెంటీమీటర్ల లావు పైపు ముఖానికి ఒక మీటరు దూరంలో ఉంటే, 80 మీటర్ల అవతలున్న స్టేజీ మీద నాలుగు మీటర్ల ఎత్తు మాయమవుతుంది. మనుషులు రెండు మీటర్లు కూడా ఉండరు కదా, పాడేవాళ్లు మొత్తం ఆ పైపు వెనకే. పైపు కింది సందుల్లోంచి చూద్దామంటే ప్రకటన గుడ్డ బిగించి కట్టారు. పైపు పైనుంచి చూడాలంటే నిక్కాలి. పొట్ట కండరాలు పనిచేయనివాడు ఎంతని నిక్కుతాడు? చక్రాల మీద చేతులు ఆనించి ఒంటిని పైకి లేపితే కనిపించేది. ఒకేచోట కూర్చున్న ఒత్తిడికి పుండ్లు పడకుండా ఎలాగూ మధ్యమధ్యలో అలా లేస్తుంటాను. ఆ రాత్రి ఆ కొన్ని క్షణాలే నా కచేరీ.

పైపు లేదనుకున్నా ఇంకో లెక్క. ప్లాట్‌ఫామ్ 90, నా కళ్లు 110, మొత్తం రెండు మీటర్లు. ముందు నిలబడ్డవాళ్ల తలలు దాటి కనిపిస్తుంది. వాళ్లు చేతులెత్తితే కనిపించదు. మ్యూజిక్ ఫెస్టివల్లో చేతులెత్తకుండా ఎవరుంటారు? వాళ్లని తప్పు పట్టను, నేనూ ఎత్తాను. ఈ ప్లాట్‌ఫామ్ ప్లాన్ గీసినవాళ్లు ఒక్కసారి కుర్చీలో కూర్చుని చూసుంటే ప్లాట్‌ఫామ్ ఇంకో అడుగు లేచేది, ఆ గుడ్డ ఊడేది.

టాయిలెట్ విషయానికొస్తే, ఇక్కడ సరదా లేదు. నాలాగా టీ6 గాని, అంతకంటే పైన గాని (అంకె తగ్గేకొద్దీ మెడకి దగ్గరైనట్టు) దెబ్బ తగిలినవాళ్లకి మూత్రాశయం నిండిపోతే ఉన్నట్టుండి రక్తపోటు ప్రమాదకరంగా పెరుగుతుంది. తల పగిలిపోతున్నట్టు నొప్పి, ముఖమంతా వేడి. ఇది ఓర్చుకునే వ్యవహారం కాదు, ప్రాణం మీదికి రావచ్చు. యాక్సెసిబుల్ టాయిలెట్ తలుపుకి తాళం. మిగతావాళ్లు వాడకుండా తాళం పెట్టడం మంచిదే, కానీ తాళంచెవి వాకీటాకీ ఉన్న ఒకే ఒక సూపర్‌వైజర్ దగ్గరుంది. ఆయన్ని పట్టుకోవడానికి 25 నిమిషాలు పట్టింది. అప్పటికే నా కణతలు కొట్టుకుంటున్నాయి. తలుపు తీస్తే లోపల అట్టపెట్టెలు, చీపుళ్లు. సిబ్బంది దాన్ని స్టోర్‌రూమ్ చేసుకున్నారు. కుర్చీ లోపల తిరగాలంటే 150 సెంటీమీటర్ల గుండ్రటి ఖాళీ స్థలం కావాలి. పెట్టెలు తీశాక కూడా అంత లేదు. గుమ్మం దగ్గర జానెడు మెట్టు ఒకటి. తలుపు మూయడం కుదరక, తమ్ముడు చొక్కా విప్పి అడ్డం పట్టుకుని నిలబడ్డాడు.

ఛార్జింగ్ సదుపాయం అంటే ఏమనుకున్నారు? ఫోన్లకి. బ్యాటరీ కుర్చీకి ఛార్జింగ్ పూర్తిగా ఎక్కాలంటే గంటల తరబడి ప్లగ్గులో ఉండాలని అక్కడెవరికీ తెలియదు. ఆ మేడమ్ కింద ఉండి చూడలేక, బురదలో బ్యాటరీ కరగదీసుకుని తొందరగా వెళ్లిపోయారు. తోడు టికెట్ మాట నిలబెట్టుకున్నారు, కాదనను. ప్లాట్‌ఫామ్ నిండాక మాత్రం తోడు వచ్చినవాళ్లని కిందికి దిగమన్నారు. ర్యాంప్ దిగాలంటే వెనకనుంచి పట్టుకునే మనిషి కావాలి కదా అంటే, "మా వాళ్లున్నారు" అన్నారు. ఎవరూ లేరు.

వినికిడి లేని స్నేహితులు ఇద్దరు వచ్చారు. సైగభాష ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టారు, నిజంగా బాగా చేసింది ఆ అమ్మాయి. ఆమె మీద లైటు లేదు. పాట మొదలవగానే స్టేజీ లైట్లు ఆర్పేస్తారు, ఆమె చేతులు చీకట్లో కలిసిపోతాయి. ఒక చిన్న స్పాట్‌లైటు పెడితే సరిపోయేది. మూర్ఛ ఉన్నవాళ్లకి ఇంకో మాట: సెకనుకి 3 నుంచి 30 సార్లు మెరిసే లైట్లు కొందరికి ఫిట్స్ తెప్పిస్తాయి. అలాంటి లైట్లు వాడతారా అని ముందే అడగండి. అకస్మాత్తుగా మొదలైతే కళ్లు మూసుకుంటే చాలదు, అరచేత్తో ఒక కన్ను పూర్తిగా కప్పి తల తిప్పుకోవాలి.

ఆ నీలం బొమ్మని 1968లో సుసాన్ కోఫోడ్ అనే డెన్మార్క్ విద్యార్థిని గీసింది. ఆమె గీసినప్పుడు దానికి తల లేదు, తరవాత ఇంకొకరు తగిలించారు. మా నిర్వాహకులు పాత బొమ్మే వాడినట్టున్నారు.

కొనేవాళ్లకి నేను చెప్పేది ఇంతే: "ఉందా" అని అడగకండి. "ఉందా" అంటే "ఉంది" అనే అంటారు. ఎంత, ఎక్కడ, ఎవరి దగ్గర అని అడగండి. ర్యాంప్ ఎన్ని మీటర్లు, ప్లాట్‌ఫామ్ ఎంత ఎత్తు, రెయిలింగ్ పైపు ఎక్కడికొస్తుంది, దానికి ఏమైనా కడతారా. టాయిలెట్ తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది, వాళ్లు ఎక్కడ నిలబడతారు. వాన పడితే నేల మీద ఏం పరుస్తారు. ప్లాట్‌ఫామ్ మీద నీడ ఉందా. తోడు మనిషి చివరిదాకా పైనే ఉంటాడా. జవాబులు రాతలోనే రప్పించుకోండి, ఫోన్లో చెప్పింది ఎవరికీ గుర్తుండదు. టికెట్ పేజీని ఆ రోజే స్క్రీన్‌షాట్ తీసుకోండి, నేను గొడవ మొదలుపెట్టిన వారానికే పేజీలో "పూర్తి" అన్న మాట ఎగిరిపోయింది. కార్డుతో కట్టండి, చెప్పినట్టు సేవ అందలేదని బ్యాంకు ద్వారా అడిగే దారి ఒకటి మిగులుతుంది. సరిగా చేసేవాళ్లు లేకపోలేదు. ఇంతకుముందు నేను వెళ్లిన ఒక చిన్న ఫెస్టివల్ వాళ్లు అడక్కుండానే కొలతలు, ఫొటోలు పంపారు. వాళ్ల దగ్గరా ఇబ్బందులున్నాయి, కానీ ఏ ఇబ్బంది వస్తుందో తెలిసి వెళ్లాను.

వచ్చే ఏడాది టికెట్లు అప్పుడే పెట్టేశారు, అదే బొమ్మతో. రెయిలింగ్ పైపు ఎంత ఎత్తులో ఉంటుందని రాసి అడిగాను. తొమ్మిది రోజులకి జవాబొచ్చింది: "అవును సార్, ప్లాట్‌ఫామ్‌కి రెయిలింగ్ సదుపాయం కలదు."