వెనుక చక్రం పుల్లలు: పాల క్యాన్లు మోసే సైకిల్‌తో నా అనుభవం

కనగల్ మండలంలోని మా ఊరి నుంచి నల్లగొండకు పాలు చేరవేసే సైకిల్‌కు నేను ఏళ్ల తరబడి మూడు రకాల పుల్లలు (స్పోకులు) వాడాను: మొదట జింకు పూత వేసిన మామూలు పుల్లలు, తర్వాత వాటికంటే లావు పుల్లలు, ఆ తర్వాత స్టెయిన్‌లెస్ స్టీల్ పుల్లలు. ఇప్పుడు వెనుక చక్రంలో ఉన్నవి స్టెయిన్‌లెస్‌వే, వాటిని మార్చే ఆలోచన నాకు లేదు. అయినా ఏ పుల్ల కొన్నామన్నదాని కంటే దాన్ని ఎలా బిగించామన్నదే చక్రం ఆయుష్షును ఎక్కువగా తేలుస్తుందని గట్టిగా నమ్ముతున్నాను. బరువులు మోసే సైకిల్ ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఇదంతా వివరంగా రాస్తున్నాను.

నాది రాడ్ బ్రేకుల 28 అంగుళాల పాత పద్ధతి సైకిల్. ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 పుల్లలు ఉంటాయి. క్యారియర్‌కు చెరో పక్క 20 లీటర్ల క్యాను వేలాడుతుంది కాబట్టి, పాలూ క్యాన్లూ కలిపి సుమారు 50 కిలోలు, దానిపైన మనిషి బరువులో పెద్ద వాటా, అంతా వెనుక చక్రం మీదే పడుతుంది. పుల్లలు విరిగింది ఎప్పుడూ వెనుకే.

పుల్ల విరగడానికి అసలు కారణం బరువు ఒక్కటే కాదు. చక్రంలో పుల్లలన్నీ బిగువుగా లాగి ఉంటాయి. చక్రం తిరుగుతున్నప్పుడు నేలకు ఆనే చోట ఉన్న రెండు మూడు పుల్లల బిగువు ఆ క్షణానికి తగ్గి, పైకి రాగానే మళ్లీ పెరుగుతుంది. ఇంత సైజు చక్రం ఒక్క కిలోమీటరుకు దాదాపు 450 సార్లు తిరుగుతుంది కాబట్టి ప్రతి పుల్లా అన్నిసార్లు వదులై బిగుసుకుంటుంది. బైండింగు తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఒకచోట పుటుక్కున తెగినట్టే, పుల్ల కూడా హబ్ (చక్రం నడుమ పుల్లలన్నీ తగిలించి ఉండే భాగం) దగ్గర వంపు తిరిగే మెడలోనే తెగుతుంది. తెగిన ముక్కను వెలుతురులో చూస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది: తెగిన ముఖంలో ఒక పక్క తుప్పు పట్టి నల్లగా, మరో పక్క కొత్త ఇనుములా మెరుస్తూ ఉంటుంది. నల్లటి భాగం ఎన్నాళ్లుగానో మెల్లగా పాకిన పగులు. మెరిసే భాగం ఆ రోజు తెగినది. అందుకే గుంతలో పడినప్పుడు విరిగిందని గుంతను తిట్టుకోవడంలో అర్థం లేదు.

జింకు పూత పుల్లలు చవక, ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతాయి, మామూలు వాడకానికి చాలు. పాల సైకిల్‌కు మాత్రం వాటితో ఒక ఇబ్బంది ఉంది. మూత సందులోంచి చిందిన పాలు హబ్ మీద పడి పులిసి, ఆ పులుపు జింకును తినేస్తుంది. పూత పోయిన చోట తుప్పు, తుప్పు ఉన్న చోట పగులు మొదలవుతాయి. యూరియా బస్తాలు మోసేవాళ్ల సైకిళ్లకు కూడా తుప్పు తొందరగానే పడుతుంది.

లావు పుల్లలు, అంటే 14 గేజి (2 మిల్లీమీటర్లు) బదులు 13 గేజి (2.3 మిల్లీమీటర్లు), వేస్తే ఇక విరగవని చాలామంది చెబుతారు. నా చక్రంలో అవి చూడటానికి గట్టిగా కనిపించాయి గానీ మెడ దగ్గర విరగడం ఆగలేదు. లావు పుల్ల తక్కువ సాగుతుంది. అందువల్ల రిమ్ము కొద్దిగా నొక్కుకుపోయినా దాని బిగువు త్వరగా పడిపోయి, అదురుకు నిప్పిల్ (పుల్లను రిమ్ముకు బిగించే చిన్న మర నట్టు) వదులవుతుంది. మా అబ్బాయి గేర్ల సైకిల్‌లో రెండు చివర్లా 2 మిల్లీమీటర్లు, నడుమ 1.8 మిల్లీమీటర్లు ఉండే పుల్లలు ఉన్నాయి. సన్నని నడుము సాగి అదురును తీసుకోవడం వల్ల మెడ మీద ఒత్తిడి తగ్గుతుంది. అవి నిజంగా మేలైనవే, ఖరీదు కూడా అంతే. పాల సైకిల్‌కు నేను 14 గేజి స్టెయిన్‌లెస్ చాలనుకున్నాను, అది సరిపోయింది.

కొనేటప్పుడు నిజంగా స్టెయిన్‌లెస్సేనా అని కొందరు అయస్కాంతం పెట్టి చూస్తారు. వేడి చేయకుండా లాగి తీసిన స్టెయిన్‌లెస్ తీగ కూడా అయస్కాంతానికి కొద్దిగా అంటుకుంటుంది కాబట్టి, గట్టిగా అతుక్కుంటేనే అనుమానించాలి. నిప్పిళ్లు ఇత్తడివే తీసుకోవాలి. పుల్ల పొడవు ముఖ్యం: దాని కొస నిప్పిల్ తలలోని గాడి దాకా రావాలి, పొట్టిదైతే నిప్పిల్ మెడే తెగిపోతుంది. అన్నిటికంటే ఎక్కువగా చూడవలసింది హబ్ రంధ్రం. పాత సైకిళ్ల హబ్ అంచు పలుచని ఇనుప రేకు. అందులో పుల్ల మెడ వదులుగా ఆడితే ఎంత మంచి పుల్లైనా నిలవదు. పుల్ల తల కింద చిన్న ఇత్తడి వాషరు వేయించాక మెడ అంచుకు ఆనుకుని కదలకుండా కూర్చుంది. రూపాయల్లో అయిపోయే ఈ పనిని చాలా షాపుల్లో అడిగితే తప్ప చేయరు.

బిగింపు విషయంలో మెకానిక్ దగ్గర నిలబడి చూడటం మంచిది. నిప్పిల్ మరలకు చుక్క నూనె వేసి, ఒక్కోసారి పావు చుట్టు మాత్రమే తిప్పాలి. పూర్తి చుట్టు తిప్పితే మర దాదాపు అర మిల్లీమీటరు ముందుకు పోతుంది, అది చాలా ఎక్కువ. చక్రం వంకర పోయిందంటే షాపులో తరచుగా వంకర ఉన్న చోట ఒకటి రెండు పుల్లలు పిండేసి పంపిస్తారు. రిమ్ము నిటారుగా కనిపిస్తుంది, కానీ ఆ పుల్లలు బిర్రుగా, పక్కవి వదులుగా మిగిలి, కొద్ది రోజుల్లోనే ఏదో ఒకటి తెగుతుంది. ఒకే పక్కన ఉన్న పుల్లలను వేలితో మీటితే అన్నీ ఇంచుమించు ఒకే స్వరం పలకాలి. అలా వచ్చాక పక్కపక్కన సమాంతరంగా పోయే రెండేసి పుల్లలను చేతిగుడ్డతో పట్టుకుని గట్టిగా నొక్కుతూ చక్రమంతా చుట్టి రావాలి. దీంతో మెడలు తమ చోట కుదురుకుంటాయి, వంపులో మిగిలిన ఒత్తిడి తగ్గుతుంది. తర్వాత వంకర మళ్లీ చూసి సరిచేయాలి. స్టెయిన్‌లెస్ పుల్లలకు ఈ పని శ్రద్ధగా చేయించినప్పటి నుంచి నా వెనుక చక్రంలో మెడ దగ్గర ఒక్క పుల్ల కూడా తెగలేదు.

మా దారిలో పత్తి ఏరడం అయ్యాక రోడ్డు పక్కన కట్టెలు పడి ఉంటాయి. ఒక కట్టె ఎగిరి చక్రంలో దూరితే పుల్ల వంగిపోతుంది, అప్పుడు దాన్ని తిన్నగా చేసి వాడకుండా మార్చడమే మేలు. చైను జారి ఫ్రీవీలు (వెనుక చక్రానికి ఉండే పళ్ల చక్రం) వెనుక పడితే ఆ పక్క పుల్లలకు గాట్లు పడతాయి, ఆ గాట్లే రేపటి పగుళ్లు. దారిలో పుల్ల తెగితే ఆ ముక్కను పక్క పుల్లకు చుట్టి, రిమ్ము బ్రేకు రబ్బరుకు రాసుకోకుండా చూసుకుని, మెల్లగా ఇల్లు చేరవచ్చు. కానీ ఒకే చక్రంలో రెండు మూడు పుల్లలు మెడ దగ్గరే తెగాయంటే మిగతావి కూడా అంతే అలసి ఉంటాయి, ఒక్కొక్కటే మార్చుకుంటూ పోవడం కూలీ దండగ. అన్నీ ఒకేసారి మార్పించాలి.

ముందు చక్రానికి ఇప్పటికీ జింకు పూత పుల్లలే ఉన్నాయి. అక్కడ అంత బరువూ పడదు, పాలూ చిందవు కాబట్టి ఆ 32 పుల్లలకు స్టెయిన్‌లెస్ ఖర్చు అవసరం లేదు. ఆ డబ్బు వెనుక చక్రానికి మంచి నిప్పిళ్లకు, వాషర్లకు, ఓపికగా బిగించే మెకానిక్ కూలీకి పెట్టుకోవచ్చు.